ఇంటికొక నంబరు

గిన్నెలు తోముతున్నప్పుడు కూడా ఆమె బుర్ర ఆఫీసు పనిలోనే ఉంటుంది. తోమిన పళ్లెం తోమినట్టు దొంతర మీద పెట్టుకుంటూ పోతే పని చకచకా తెములుతుంది. ప్రతి పళ్లాన్నీ దొంతర మధ్యలో ఎక్కడో దూర్చమంటే చేతులు పడిపోతాయి. ఆమె కంపెనీ క్లినిక్కుల కోసం చేసే సాఫ్ట్‌వేర్‌లో పేషెంట్ల రికార్డుల సంగతీ అంతే. ఒక్కో రికార్డుకీ ఒక గుర్తు, అంటే ఐడీ, ఉండాలి. అది ఏ రకంగా ఉండాలన్నదాని మీద వారాల తరబడి తల బద్దలు కొట్టుకుంది గనక ఆఫీసులో ఆమెకి నంబర్లమ్మ అని పేరు పడింది. ఇంట్లో అయితే పేరుతో పనే లేదు.

"ఏమ్మా కోడలా, మొహం అలా పీక్కుపోయిందేం? ఏమైనా విశేషమా?" వెనక నుంచి అత్తగారు.

"అబ్బే, నిద్ర చాల్లేదత్తయ్యా."

విశేషమేనేమోనని ఆమెకీ అనుమానం. నెల తప్పింది. ఉంచుకోవడమా, వద్దా అన్నది తర్వాతి మాట. ముందు ఆ సంగతి తనకొక్కదానికే తెలియాలి. నలుగురి నోళ్లలో పడేలోగా తనతో తాను మాట్లాడుకోవడానికి కాస్త వ్యవధి కావాలి, అంతే. పాప కడుపున పడ్డప్పుడు అదీ దక్కలేదు. ఈమె నోరు విప్పకముందే అత్తగారు లోకమంతా టాంటాం వేసింది, భర్త తన ఆఫీసులో స్వీట్లు పంచాడు, ఈమె చేతిదాకా వచ్చిన ప్రమోషన్ "ఈ టైములో నీకెందుకమ్మా శ్రమ" అంటూ ఇంకొకరికి పోయింది. పోనీ మందుల షాపులో కిట్ తెచ్చుకుందామంటే, ఈ ఇంట్లో చెత్తబుట్ట కూడా అత్తగారి తనిఖీ కాకుండా గడప దాటదు. అందుకే మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు పక్కనున్న క్లినిక్‌కి వెళ్లిరావాలనుకుంది. అక్కడ నడుస్తున్నదీ ఆమె చేసిన సాఫ్ట్‌వేరే.

ఆ ఐడీల మీటింగు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మేనేజరుని ఆమె మనసులో శభాష్ సార్ అనుకుంటుంది, మగవాళ్లకి శభాష్‌లు, తనకి మాత్రం "థాంక్స్ అమ్మా" కాబట్టి. ఆయనకి విడమరిచి చెప్పింది. వరస నంబర్లు చిన్నవి, వేగంగా పనిచేస్తాయి. కానీ ప్రతి బ్రాంచీలోనూ ఒకటి నుంచే మొదలైతే, రేపు అన్నీ కలిపిన రోజున ఒకే నంబరుకి ఇద్దరు మనుషులు తేలతారు. ఎలా పడితే అలా పుట్టే పొడుగు ఐడీలకి ఆ గొడవ లేదు గానీ, అవి చోటు తింటాయి, ప్రతి కొత్త రికార్డూ దొంతర మధ్యలో దూరుతుంది, పని మందగిస్తుంది. మొదట్లో అది పుట్టిన టైము ఉండే పొడుగు ఐడీ అయితే పళ్లెం మీద పళ్లెం పడ్డట్టు పడుతుంది, ఎవరితోనూ కలవదు.

"ఇంత రామాయణం ఎందుకమ్మా? ఫోన్ నంబరే ఐడీ. అందరికీ నోటికొచ్చేదే కదా!"

"చాలామంది ఆడవాళ్లు భర్త నంబరే ఇస్తారు సార్. ఇద్దరి ఫైళ్లూ ఒకటైపోతాయి."

"భార్యాభర్తలు ఒకటే కదమ్మా!" గదంతా గొల్లుమంది. "ఏం, మీరూ మీ ఆయన నంబరే ఇస్తారా ఏంటి?"

"నేనెందుకిస్తాను?" అంది రోషంగా.

ఆ రోషం ఎవరికి కావాలి? వద్దన్న పనిని ఆమె నెత్తినే పెట్టారు. రిపోర్టులూ మందులూ అన్నీ ఆ నంబరుని పట్టుకునే వేలాడతాయి గనక, ఒకసారి ఎక్కిన నంబరు కదలకుండా తనే తాళం వేసింది. ఎవరైనా కదపబోతే తెర మీద కనిపించే వాక్యం కూడా తనే టైపు చేసింది.

క్లినిక్‌లో డెస్కు అమ్మాయి తలెత్తకుండానే అడిగింది. "ఫోన్ నంబరక్కా?"

గ్యాసుకి చెప్పినట్టు, పాప స్కూల్లో చెప్పినట్టు గడగడా చెప్పేసి రక్తమివ్వడానికి లోపలికి వెళ్లింది. బయటికొచ్చి రిజల్టు కోసం కూర్చుంది.

"రిజల్టు మెసేజ్ పెట్టేశామక్కా."

ఆమె ఫోన్‌లో ఏమీ లేదు. "ఏ నంబరుకమ్మా?"

అమ్మాయి తెర ఇటు తిప్పింది. పైన తన భర్త పేరు, ఆయన బీపీ మందులు, వాటి కిందే ఈమె పరీక్ష. పెళ్లైన కొత్తలో "నీకెందుకా తలనొప్పి, ఎక్కడైనా నా నంబరిచ్చెయ్" అన్నాడాయన, ప్రేమగానే. అప్పటి నుంచి అడిగిన ప్రతిచోటా అదే చెప్పీ చెప్పీ, ఆమె నోటికి వేరే నంబరు రావడమే మానేసింది. మీటింగులో అంత రోషపడిన నోరే ఇది. ఛీ, అనుకుంది.

"తప్పు చెప్పానమ్మా. నా నంబరు వేరే. మార్చవా, నీకు పుణ్యముంటుంది."

పాపం, ఆ అమ్మాయి నొక్కి చూసింది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. పైకి చదివింది. "'ఈ నంబరు మార్చడం కుదరదు. దయచేసి మన్నించండి.' ఎవరు రాశారో గానీ అక్కా, కుదరదని కూడా ఎంత మర్యాదగా రాశారో!"

"పోనీ రిజల్టేంటో నువ్వే చెప్పమ్మా."

"నాకు కనపడదక్కా. ఆ నంబరుకే వెళ్తుంది."

ఫోన్ మోగింది. అత్తగారు.

"ఓసి నీ దుంప తెగ! పొద్దున నేనడిగితే నిద్ర చాల్లేదన్నావా? వాడిప్పుడే చెప్పాడే తల్లీ!" అవతల ఆవిడ సంబరపడిపోతోంది.

తన కడుపులో సంగతి ఆమెకి అలా తెలిసింది.