ఊపు లేని లాగుడు

అమ్మన్న చిత్రిక పడుతూనే ఉన్నాడు. పెరట్లో తెల్లవారింది. గ్లైడరు ముక్కుకు బిగించాల్సిన మందపాటి చెక్క అది. వంగిన నడుం, చీలిన గోళ్లు, కనుబొమల మీద రంపపు పొట్టు. బిలాస్‌పూర్ కేరేజి షెడ్డులో జీవితమంతా బోగీలకు బల్లలు బిగించాడు. ఆ బల్లల మీద దేశమంతా కూర్చుని తిరిగింది. బిగించినవాడి పేరు ఎవడికి కావాలి?

ఇవాళే ఆఖరి డ్యూటీ. సాయంత్రం క్వార్టరు అప్పజెప్పి, సొంతూరు భీమిలికని బండెక్కాలి. ఈ పూట ఎగరకపోతే ఇక ఎగరడమన్నదే లేదు.

పాత పత్రికలో గ్లైడరనే ఇంజను లేని విమానం బొమ్మ చూసిన రోజునుంచీ పట్టుకుంది పిచ్చి. "అది దొరల ఆట" అని ఫోర్‌మన్ నవ్వాడు. ఆకాశమేమన్నా వాళ్ల తాతల జాగీరా? మొదటిది బోగీలాగే టేకుతో కట్టాడు. నేల వదల్లేదు. తర్వాత వెదురు రెక్కలు కట్టి, పాత చీరలు కుట్టించి గంజి పట్టించాడు. లేవబోయింది, ముక్కు ఊడింది. ఇంకా మందం చెక్క వేశాడు. మళ్లీ ఊడింది.

పొద్దున చిత్రిక పట్టిన చెక్కను ముక్కుకు బిగించి, గ్లైడరును అర్పా ఏటి గట్టు మీదికి మోయించాడు. ఖలాసీల జమాదారు అప్పలకొండ, ముక్కు కొక్కేనికి తగిలించిన మోకును మనుషులతో కలిసి పట్టాడు.

"జోర్ లగాకే... హైసా!"

ఒక్క కుదుపు. ముక్కు కిర్రుమంది.

"ఆపండెహే!" అరిచింది అమ్మన్న పెళ్లాం మంగాయమ్మ. ఏటికి రావడం ఆమెకిదే మొదలు. సముద్రంలోంచి వల ఒడ్డుకు లాగుతూ పెరిగిన మనిషి. "ఏటిరా అప్పలకొండా, పట్టాలు తప్పిన గూడ్సు వేగననుకున్నావేటి? కుదిపితే వలైనా సిరిగిపోద్ది. తప్పు సెక్కది కాదు, నీ సేతులది!"

"అచ్ఛా! మరెలాగ లాగాల, పిన్నీ?"

"నోరు మూసుకుని. మోకు బిగిసేదాకా నడు, ఆనక పరుగెట్టు. మజ్జిలో సడలిందో, సంపేస్తాను!"

అమ్మన్న నోరు తెరిచాడు. "ఇన్నాళ్లూ సెప్పలేదేటే?"

"లాగడానికి పిలిసేవేటి? సీరలు కుట్టమన్నావు, కుట్టేను. ఎక్కు మావా!"

అమ్మన్న ఉలి తీసి, ఇక ఈ బరువెందుకని అదనంగా బిగించిన మందపు చెక్కను తనే ఊడగొట్టి అవతల పారేశాడు. చెప్పులు విడిచి ఎక్కి కూర్చున్నాడు. మంగాయమ్మ చీర దోపి మోకు మొదట నిలబడింది.

మోకు బిగిసింది. నడిచారు. పరుగెత్తారు. కింద గరగరమంటున్న ఇసుక చటుక్కున నోరు మూసింది.

"లేసింది! ఒరే, లేసిందిరా!" అప్పలకొండ అరిచాడు.

మోకు కొక్కెంలోంచి జారిపడింది. గాలి అమ్మన్న చొక్కా నిండా దూరింది. కింద మనుషులు తలపాగాలు ఎగరేస్తున్నారు. అతను గొంతెత్తి అరిచాడు, ఏమని అరిచాడో అతనికే తెలీదు. ఏటి మధ్య ఇసుకతిన్నె మీద జారి, ఒక రెక్క ఆనించి ఆగాడు. ఖలాసీలు భుజాల మీదికి ఎత్తేశారు.

"దించండ్రా, డ్యూటీకి లేటవుద్ది!" మంగాయమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం ప్యాసింజరు వాళ్లిద్దరినీ ఎక్కించుకుని వెళ్లిపోయింది. అమ్మన్న వదిలి వెళ్లిన గ్లైడరును రేపు ముందు ఎవరెక్కాలని ఖలాసీలు ఏటి ఒడ్డున కొట్టుకుంటున్నారు. గట్టు మీద, పొద్దున ఎక్కేముందు అమ్మన్న విడిచి, డ్యూటీకీ బండికీ కూడా వేసుకోవడం మరిచిన తోలు చెప్పులు, ఏటి వైపు తిరిగి ఉన్నాయి.