సెలవుల్లో మిగిలినవాళ్ళు

దర్జీ ఆవిడ మిషన్ ముందు కూర్చుందంటే ఇల్లు తగలబడినా లేవదు. గుండుసూదులు నోట్లో ఉండగానే మొగుడికి జవాబులు చెబుతుంది. ఆయన ఏళ్ళ తరబడి స్కూలు బస్సు నడిపి ఈమధ్యే రిటైరయ్యాడు. పనేం లేదుగా, రోజూ ఒకటే పాట.

"సరస్సు దగ్గర మనం దిగిన ఆ ఇల్లు అమ్మకానికొచ్చిందటోయ్. ఇది అమ్మేసి అక్కడికి వెళ్ళిపోదాం. గాలి మంచిది."

"గాలి కోసమేనా?" అందావిడ, సూదులు తీయకుండానే.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. గాలి కోసం కాదని ఇద్దరికీ తెలుసు. ఆ కొండల్లో సెలవులు గడిపినవాళ్ళు కొంచెం అక్కడే మిగిలిపోతారు. సీజన్ అయిపోయి జనం తగ్గాక గట్టు మీదా మెట్ల మీదా కనబడుతుంటారు, వచ్చినప్పటి వయసుతో, వచ్చినప్పటి బట్టల్లో. గోడలకి చెమ్మ పట్టినట్టు, అక్కడ అదో మామూలు సంగతి. వీళ్ళు వెళ్ళింది ఒక్కసారే, కూతురితో. దాన్ని పిడుగు అని పిలిచేవాళ్ళు. తిరిగొచ్చిన వానాకాలంలోనే జ్వరమొచ్చి పోయింది. మళ్ళీ అటు వెళ్ళడానికి ఇద్దరికీ గుండె చాల్లేదు.

చివరికి ఇల్లు చూడ్డానికని వెళ్ళారు. పడవలన్నీ బోర్లించి ఉన్నాయి, టికెట్ల గదికి తాళం. వీధి నిండా జనమే గానీ ఒక్క అడుగు చప్పుడు లేదు. ఇళ్ళ తాళాలు చూసే ఆవిడ "జరగండి బాబూ, జరగండి" అంటూ వాళ్ళ మధ్య నుంచి దారి చేసింది.

ఇంటి వెనక నీళ్ళలోకి దిగే మెట్ల మీద పిడుగు కూర్చుని ఉంది.

అదే పచ్చ గౌను. ఒక జడ ఊడిపోయి ఉంది. పక్కన నల్లటి మీసంతో వాళ్ళ నాన్న, నీళ్ళలోకి రాళ్ళు విసురుతున్నాడు. ముసలాయన గోడ పట్టుకుని బావురుమన్నాడు. దర్జీ ఆవిడ మాత్రం గదులన్నీ వెతుకుతోంది.

"నాన్నా, అమ్మేదీ?" అంది పిల్ల. కాసేపాగి మళ్ళీ అదే మాట.

"నేనెక్కడా కనబడట్లేదేంటమ్మా?" అని దర్జీ ఆవిడ తాళాలావిడని అడిగింది.

"సెలవు గడిపితేనేగా తల్లీ మిగిలేది. ఇక్కడికొచ్చి కూడా పని చేసుకున్నవాళ్ళు మిగలరు."

చెప్పొద్దూ, ఆవిడకి ఆ సెలవులు గుర్తొచ్చాయి. అప్పుడు కూడా సంచీడు చొక్కాలు వెంట తెచ్చుకుంది, గుండీలకి కాజాలు కుట్టాలని. జడెయ్యమని పిల్ల వచ్చినప్పుడల్లా "ఈ ఒక్క కాజా అయిపోనీయవే" అంది. అవి అయ్యేవా పెట్టేవా!

"కొనేద్దాం. రోజూ చూసుకోవచ్చు దాన్ని," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

"మీరు కాపురానికొస్తే మీవాళ్ళు ఉండరు బాబూ," అంది తాళాలావిడ. "ఎవరు కాపురం పెడితే వాళ్ళ మనుషులు వెళ్ళిపోతారు. ఉండిపోయినవాళ్ళకి ఇంక సెలవులేంటి?"



"ఇల్లొద్దు," అంది దర్జీ ఆవిడ. "కొన్నాళ్ళు అద్దెకివ్వమ్మా చాలు." కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇనప తొడుగు తీసి మొగుడి చేతిలో పెట్టింది. "అడిగినా ఇవ్వకండి."

వెళ్ళి పిల్ల పక్కన కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకి అప్పుడు తెలిసింది. చేతులు వాటంతటవే సూది కోసం తడుముకునేవి. పిల్ల ఆవిడలోంచి అవతలకి చూస్తూ "అమ్మేదీ?" అనేది. "ఇక్కడే ఉన్నా కదే, నా తల్లీ" అన్నా దానికి వినబడదు. ఏడుపొచ్చేది. అయినా లేవలేదు. రోజులు గడిచేకొద్దీ చేతులు ఒళ్ళో నెమ్మదించాయి. ఓ సాయంత్రం నీళ్ళ మీద కొంగల్ని చూస్తూ ఆవిడ దేనికో నవ్వింది కూడా.

మర్నాడు తిరుగు బస్సెక్కారు. సీట్లో సర్దుకున్నాక ఆయన జేబులోంచి తొడుగు తీసి, "ఇదిగోనోయ్, ఇంక తీసుకో" అన్నాడు.

ఆవిడ అందుకోలేదు. బస్సు సరస్సు చుట్టూ తిరుగుతుంటే కిటికీలోంచి వెనక్కి చూస్తోంది. మెట్ల మీద అచ్చం తన చీరలోనే, నెరిసిన జుట్టుతో ఒకావిడ పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, ఊడిన జడ తీరిగ్గా అల్లుతోంది. పిల్ల ఇంక ఎవర్నీ ఏమీ అడగడం లేదు.