పీలికల సంచి

నేను బడిలో పాఠాలు ముగించి వచ్చి తలుపు తీసేసరికి అత్తయ్య కుట్టుమిషను మీద వాలిపోయి ఉంది. సూది కింద ఎవరిదో చొక్కా చెయ్యి సగంలో ఆగిపోయింది.

"గ్యాసులే. ముందు కాళ్ళు కడుక్కో," అంది.

పొట్ట మీద చెయ్యి వేశాను. చెక్కలా బిగుసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది.

ఇంట్లో మేమిద్దరమే. ఆయన పోయి ఏడాది కాలేదు. ఆవిడకు కొడుకు, నాకు భర్త. ఆ సంగతి మేము మాట్లాడుకోము. ఒకరి ముందు ఒకరం బాగానే ఉన్నట్టు తిరుగుతుంటాం.

ఆస్పత్రికి వెళ్ళే అద్దె కారులో అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. "పరీక్ష పేపర్లు తెచ్చుకున్నావుగా. ఎప్పుడు దిద్దుతావు?"

"వాళ్ళు రాసినదానికి మార్కులు ఎంత ఆలస్యమైతే అంత మంచిది."

నవ్వబోయి, పెదవి కొరుక్కుంది.

ఆస్పత్రిలో అవే ఆకుపచ్చ కుర్చీలు. ఆయన లోపల ఉన్నప్పుడు నేను కూర్చున్నవి. ఈసారి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

సర్జన్ కుర్రవాడు. ఎక్స్‌రే చూసి, "కడుపులో గాలి చేరింది. పేగుకు చిల్లు పడి ఉంటుంది. వెంటనే తెరవాలి," అన్నాడు. అత్తయ్య వైపు వంగి, "ఆడవాళ్ళ ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"అవన్నీ ఆగిపోయి నీ వయసంత అయింది నాయనా."

నర్సు నవ్వింది. సర్జన్ బయటికి వెళ్ళాడు. హాస్యమాడాక ఎవరు నవ్వారో చూసుకోకుండా ఉండదు అత్తయ్య. ఇప్పుడు గోడకేసి చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది, మిషను కింది సంచి. కత్తిరించగా మిగిలిన పీలికల్ని ఆవిడ పారేయదు. ఎప్పుడూ ఉబ్బి ఉండే ఆ సంచి కొన్నాళ్ళుగా చప్పబడింది. దిండ్లలో కూరడానికి ఎవరికో ఇచ్చిందనుకున్నాను. ఈ మధ్యే మళ్ళీ నిండుతోంది.

తెర లాగి దగ్గరగా వంగాను. "అత్తయ్యా, ఆ పీలికలు ఏం చేశారు?"

ముఖం ఇంకా అటు తిప్పుకుంది.

"నాకు కాకపోతే ఎవరికి చెప్తారు?"

"అవే పెట్టుకునేదాన్ని. మరకలు అయ్యేవి. వాసన కూడా. ఈ వయసులో ఏమిటీ సిగ్గుచేటనుకున్నా. పోయిన వారం దానంతటదే ఆగింది. తగ్గిపోయిందిగా అని ఊరుకున్నా."

"ఒక్క మాట చెప్పాల్సింది."

"చెబితే నువ్వు మళ్ళీ ఆ కుర్చీల్లో కూర్చోవాలి." తెర వైపు చూసి, "ఆ కుర్రాడికి చెప్పకు," అంది.

నేను స్త్రీల డాక్టరును వెతికి పట్టుకున్నాను. ఆవిడ నడుస్తూనే విని, ఆగిపోయింది.

"తగ్గలేదమ్మా, బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. చీము గర్భసంచిలోనే నిండి, అది చిట్లి ఉండొచ్చు. చాలా అరుదు. చూడ్డానికి పేగు చిల్లులాగే ఉంటుంది. నేనూ లోపలికి వెళ్తాను."

"బతుకుతారా?"

"చీము కడుపంతా పాకి ఉంటే కష్టం." అంతే చెప్పింది.

ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాయి. ఆయన పోయిన రోజు కూడా అవి అంతే నెమ్మదిగా మూసుకున్నాయి. పేపర్లు తీశాను. అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ మాటలు కావడం లేదు. ఎవరు బయటికొచ్చినా ముందు వాళ్ళ ముఖం కాకుండా చెప్పులు చూశాను. ముఖంలో ఏముంటుందో నాకు తెలుసు. చివరికి ఆ ఆకుపచ్చ కుర్చీలోనే కూర్చున్నాను.

డాక్టరమ్మ వచ్చింది. "పేగులు బాగున్నాయి. గర్భసంచి తీసేశాం. గండం ఇంకా గడవలేదు."

మర్నాడు నన్ను లోపలికి పంపారు. అన్ని గొట్టాల మధ్య అత్తయ్య ముఖం చిన్నదైపోయింది. కళ్ళు తెరిచింది.

"చెప్పేశావా?"

"డాక్టరమ్మకు."

"కుర్రాడికి?"

"ఆపరేషనప్పుడు ఆయనా లోపలే ఉన్నాడు అత్తయ్యా."

"పరువు తీశావు." ఆ మాట ఇంకోసారి అంటే బాగుండుననిపించింది. "ఆ కుర్చీల్లో కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

ఆవిడ వేళ్ళు దుప్పటి అంచును తడిమాయి, కుట్టు సరిగా ఉందో లేదో చూస్తున్నట్టు. "ఆ చొక్కా..."

"నాకు కుట్టడం రాదుగా."

"నువ్వు ముట్టుకోకు. సూది కిందే ఉండనీ."