మధ్యాహ్నం ఆట

పార్టీ లేచి వెళ్ళిపోయింది. కొత్తచెరువు నుంచి పెళ్ళి చీరలకని జీపు నిండా వచ్చిన ఆడవాళ్ళు పరుపు మీద గుట్టగా పోయించుకున్న పట్టుచీరలన్నీ ఇప్పుడు నావే. కట్టుకోవడానికి కాదు లెండి, మడత పెట్టడానికి. ధర్మవరంలో ఇంటి ముందుగదిలోనే దుకాణం నడుపుకునే మాలాంటి ఇళ్ళలో చీర విప్పేది మగవాళ్ళు, మడత పెట్టేది ఆడవాళ్ళు. విప్పడానికి ఒక్క విసురు చాలు. మడత మాత్రం పాత గీత మీదే పడాలి, అంచు బయటికి కనపడాలి, లేకపోతే జరీ విరిగిపోతుంది. మా ఆయన ఫణి విసిరే విసురుకి వచ్చినవాళ్ళు "అబ్బా" అంటారు. నా మడతని చూసి ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. "ఊరికే కూచోని మడత పెట్టేదే కదా, దానికింత మొగం పెడ్తావేం?" అని ఆయన మాత్రం అంటాడు.

మడత కంటే నాకు కష్టమైన పని ఇంకొకటుంది. చీర నచ్చీ నచ్చనట్టుంటే ఆయన లోపలికి కేక వేస్తాడు. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ కొంగు భుజం మీద వేసుకుని వాళ్ళ ముందు నిలబడాలి. "ఇట్ల తిరుగమ్మా. ఇంకొంచెం" అంటారు. తిరుగుతాను. "మా పిల్ల ఎర్రగా ఉంటాదిలే, దానికి బాగుంటాది" అంటుంది పెళ్ళికూతురి తల్లి, నా మొహంలోకి చూస్తూనే. అవతల పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన అందరి ముక్కులకీ తగులుతుంది. అయినా ఎవరూ నన్ను లోపలికి పొమ్మనరు.

ఇన్నిటి మధ్య నాకంటూ ఒక గంట ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక షట్టర్ సగం దించి ఆయన ఆ పరుపు మీదే ఒరిగేవాడు. అత్త మోకాళ్ళకి నూనె రాసుకుని పడుకునేది. పిల్ల స్కూల్లో. అప్పుడు నేను మేడమీద గదికి పోయేదాన్ని. అక్కడ పాత బిల్లుల కంప్యూటరుంది. లాప్‌టాప్ వచ్చాక దీన్ని ఎవరూ కొనరని పైన పడేశారు. హిందూపురంలో బీయస్సీ కంప్యూటర్స్ చదివిన నాకు ఈ ఇంట్లో దక్కిన కంప్యూటర్ అదొక్కటే. దాంట్లో నేను ఆటలు ఆడుకునేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి.

నేను ఎక్కువగా ఆడేది హోటలు ఆట. ఒక అమ్మాయి, ఒక కౌంటరు, దాని ముందు జనం. ఒక్కొక్కరి తల మీద ఐదు గుండె బొమ్మలు, అవే వాళ్ళ ఓపిక. వాళ్ళడిగింది త్వరగా ఇవ్వకపోతే గుండెలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. అన్నీ ఆరిపోతే మనిషి ఎర్రగా అయిపోయి విసురుగా వెళ్ళిపోతాడు. అందరికీ టైముకి అందిస్తే మూడు నక్షత్రాలు వస్తాయి. పెనుకొండలో ఉండే మా అక్క అరుణ ఫోన్లో ఇది విని పడీపడీ నవ్వింది. "ఓసి పిచ్చిదానా, పొద్దంతా వండి వార్చేది చాల్లేదని, మళ్లా కంప్యూటర్లో గూడా వడ్డిస్తాండావా?" అంది. అందరూ అనే మాటే అది. నా సమాధానం నాకుంది. ఆ ఆటలో కడిగిన పళ్ళెం కడిగినట్టే ఉంటుంది. ఎవరికి ఎంత ఓపిక మిగిలిందో తల మీదే కనపడుతుంది, మొహాలు చూసి ఊహించుకోనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, సాయంత్రం కాగానే హోటలు మూసేస్తారు. బాగా చేశావని రాసి చూపిస్తారు. మా ఇంట్లో ఇవేవీ లేవు కదా.

అలాగని అన్ని ఆటలూ మంచివని నేననను. ఈ విషయంలో నాకు కచ్చితమైన అభిప్రాయాలున్నాయి, అడిగేవాళ్ళే లేరు. మంచి ఆటలో నాలుగు పనులు వరసగా నొక్కి పెడితే ఆ అమ్మాయి గుర్తుపెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోతుంది. చెత్త ఆటలో ఒకటి చేసేలోపు తక్కినవి మర్చిపోతుంది, మళ్ళీ మొదటినుంచి నొక్కి చావాలి. కొన్నిట్లో సరిగ్గా జనం ఎక్కువైనప్పుడే ఎలుకలు దూరతాయి, చంటిపిల్ల ఏడుస్తుంది. ఆ ఆట తయారుచేసినవాడు కచ్చితంగా మగవాడే అయ్యుంటాడు. కొన్ని లెవెళ్ళు గెలిచాక ఆ అమ్మాయికి కొత్త చెప్పులు కొనివ్వచ్చు. అవి తొడుక్కుంటే ఇంకా వేగంగా నడుస్తుందట! చెప్పులు ఆమెవి, లాభం హోటలుది. నాకు ఒళ్ళు మండి ఎప్పుడూ కొనను. ఇక చిందరవందరగా ఉన్న గదిలో వస్తువులు వెతికే ఆటలున్నాయే, వాటి జోలికే పోను. ఆయన బండి తాళాలు, అత్త కళ్ళద్దాలు, పిల్ల ఎరేజరు వెతికి వెతికి కళ్ళు కాయలు కాచినదాన్ని, ఇంకా వెతుకులాటా? ఒకే రంగు రాళ్ళు మూడు కలిపే ఆట పరవాలేదు. రాళ్ళకి ఆకలి వేయదు.

ఒకరోజు నేను ఆడుతుండగా ఆయన పైకి వచ్చాడు. నేను చూసుకోలేదు. కౌంటరు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు, నా వేళ్ళు వాటంతట అవే పోతున్నాయి. లెవెల్ అయ్యాక వెనక నుంచి "ఏమే హరితా, ఇంత స్పీడుగా నొక్కుతాండావే!" అన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, మురిసిపోయాడు. సాయంత్రం వచ్చిన పార్టీతో "మా ఇంటామె కంప్యూటర్ ముందర కూచుంటే మిషనే" అని గొప్పగా చెప్పాడు. పెళ్ళయ్యాక నా గురించి ఆయన పదిమందిలో గొప్పగా చెప్పింది అదే మొదలు. సిగ్గులేకుండా నాకు సంతోషం కూడా వేసింది.

ఆ సంతోషం రాత్రి భోజనాల దాకా కూడా నిలవలేదు. "మధ్యానం పూట లైవ్ పెడదామనుకుంటాండా" అన్నాడు పెరుగన్నం కలుపుకుంటూ. "ఫోన్లో చీరలు చూపించేది. నువ్వు భుజం మీద ఏసుకోని చూపియ్యి, వాళ్ళడిగేదానికి టకటకా జవాబు చెప్పు. నీకు కంప్యూటరంటే ఇష్టమే కదా."

"మధ్యాహ్నమే ఎందుకు? పొద్దున పెట్టుకోవచ్చు కదా" అన్నాను.

"పొద్దున ఎవురు చూస్తారే? మధ్యానమైతే ఆడోళ్ళు పనులు చేసుకోని ఖాళీగా ఫోన్లు చూస్తాంటారు. నువ్వు గూడా ఆ టైములో ఖాళీనే కదా, ఊరికే ఆ బొమ్మలాట ఆడుకుంటా."

ఎక్కడెక్కడి ఆడవాళ్ళకో ఆ గంట ఖాళీ దొరుకుతుందట. వాళ్ళ ఖాళీ కోసం నా ఖాళీ ఇచ్చేయాలట. నా గంట నాకు కావాలి, ఇవ్వను అని అనాలనుకున్నాను. ఆట కోసం దుకాణం పని మానుకుంటానంటే ఎవరైనా ఏమంటారు? నాకే తప్పుగా వినపడింది. అత్త వైపు చూశాను. ఆమె ఊరగాయ ముక్క చీకుతోంది. "సరే" అన్నాను. తర్వాత గిన్నెలు తోముతూ కుళాయి పెద్దగా తిప్పి ఏడ్చాను.

లైవ్ మొదలైంది. స్టాండుకి ఫోను, దాని చుట్టూ గుండ్రటి లైటు, ముందు నేను. అక్కా కొంగు చూపించండి. అక్కా వెనక్కి తిరగండి. అక్కా ఇందాకటి చీర మళ్ళీ. అక్కా మీరు నవ్వడం లేదేంటి. ఫోను వెనక నిలబడి ఆయన రెండు వేళ్ళతో తన పెదాలు సాగదీసి చూపిస్తాడు, నవ్వమని. ఆడేదానిగా చెప్తున్నాను, ఇంత చెత్త ఆట నేను ఎక్కడా చూడలేదు. తలలు కనపడవు, గుండెలు కనపడవు. కాసేపు ఆపుకునే బటన్ లేదు. ఆయన చాలన్నప్పుడే లెవెల్ అయిపోతుంది, ఆ పైన విప్పినవన్నీ మడత పెట్టాలి. గంట అన్నది కాస్తా సాయంత్రం పిల్ల స్కూలు బస్సు దాకా సాగింది. ఒకసారి కాళ్ళు పీకుతున్నాయి, కూర్చుని చూపిస్తానంటే "కూచుంటే చీర ఫాలింగ్ యాడ కనపడతాదే?" అన్నాడు.

అలా సాగుతుండగా ఒక మధ్యాహ్నం ఆకుపచ్చ చీరల కట్ట తెమ్మని ఆయన పైకి పంపాడు. గదిలో అత్త ఉంది. కంప్యూటర్ ముందు, నా కుర్చీలో. మోకాళ్ళ నొప్పితో ఈ మెట్లెలా ఎక్కిందో! తెర మీద నా హోటలు. కౌంటరు నిండా జనం. అత్త రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

"అత్తా, అది నొక్కాల. చూడు, వాళ్ళు పోతాండారు" అన్నాను కంగారుగా.

"పోనీ. నువ్వుండు" అంది. కళ్ళు తిప్పలేదు. "ఆ టోపీ వాన్ని చూడు, ఎట్ల ఎర్రగా అయితాండాడో. ఇంగ పోతాడు. పాయె!" కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కరికీ ఏమీ ఇవ్వలేదు. అందరూ గుండెలారిపోయి, కాళ్ళు నేలకేసి కొట్టి వెళ్ళిపోయారు. ఓడిపోయావు, మళ్ళీ ఆడమని తెర మీద వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"దినామూ ఇట్లే ఆడతాండావా?"

"ఊ. నువ్వు కిందికి పోతానే వస్తాండా. కోపమొస్తే పోతారంతే కదే వీళ్ళు. పళ్ళెం ఇసరరు. అమ్మనాయన్ని తిట్టరు. మీ మామకు నీళ్ళు లేటైతే చెంబు గోడకు తగిలేది. నేను ఈ ఇంటికొచ్చినాక ఎవురు గూడా ఊరికే కోపం చేసుకోని పోలేదమ్మా."

ఇన్నేళ్ళు నన్ను సాధించిన మనిషి పక్కన నిలబడి, టోపీవాడు మళ్ళీ ఎర్రబడటం ఇద్దరం కలిసి చూశాం. కింద నుంచి ఆయన అరిచాడు, "హరితా! యాడ సచ్చినావే? జనం కాసుకోనుండారు!" కట్ట తీసుకుని పరిగెత్తాను.

అమావాస్య నాడు పెళ్ళి చీరలు ఎవరూ కొనరు కాబట్టి ఆ రోజు లైవ్ లేదు. అత్త బత్తలపల్లిలో వాళ్ళ చెల్లెలి ఇంటికి పోయింది. ఆయన కింద గురక పెడుతున్నాడు. చాలా కాలానికి నా గంట నాకు దొరికింది. కంప్యూటర్ ముందు కూర్చుని, ఇవాళ అత్త ఆట ఆడాలనుకున్నాను. ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. అందరినీ పోనివ్వాలి. నేను మాత్రం కూర్చుని చూడాలి.

మొదట ఒక ముసలామె వచ్చి కౌంటరు ముందు నిలబడింది. కాఫీ అడిగింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక గుండె ఆరింది. ఇంకొకటి ఆరింది. ఆమె కాలు నేలకేసి తడుతోంది. బొమ్మే కదా, పోనీ, పోనీ అని పైకే అనుకున్నాను. మూడోది కూడా ఆరింది. నాలుగోది ఆరింది. ఆమె మొహం ఎర్రబడుతోంది. ఈ గంటలో నాకు పని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, పిలిచేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. అయినా ఆ చివరి గుండె కొట్టుకోవడం మొదలయ్యేసరికి నా చెయ్యి పోయి ఆమెకి కాఫీ ఇచ్చేసింది.