బోర్డు గుంజకు మేకపిల్ల

సూర్యకాంతానికి ఒక సంగతి అర్థం కాకపోతే తిన్నది అరగదు. కిరందుల్ కాలనీలో ఉన్న రోజుల్లో పక్క క్వార్టరులో కుక్కరు మామూలుకన్నా రెండు విజిల్స్ ఎక్కువ వేస్తే, చుట్టాలెవరు వచ్చారో కనుక్కుని వచ్చేదాకా ఆవిడ కాలు నిలిచేది కాదు. అలాంటి మనిషి ఈ వేసవంతా కొరుకుడు పడని సంగతి ఒకటి పెట్టుకుని సతమతమవుతోంది. ఆ సంగతికి నాలుగు కాళ్ళూ రెండు చెవులూ ఉన్నాయి. అది ప్రతి సంతరోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి మే అంటోంది.

తర్లగూడ ఊరి చివర, తెలంగాణకు పోయే రోడ్డు పక్కన, మూగజీవాల ట్రస్టువాళ్ళ ఆశ్రమం ఉంది. లారీలు గుద్దేసిన ఆవులు, కాళ్ళు విరిగిన మేకలు, ఉచ్చులు తెంచుకుని వచ్చిన కుక్కలు అక్కడికి చేరతాయి. ట్రస్టు పెట్టింది కిరందుల్లో గని ఉద్యోగాలు చేసిన నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్ళు. సూర్యకాంతం భర్త కూడా అందులో ఒకడు. ఆయన పోయాక, ఒంటరిగా ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక, ఆర్నెల్లు చూసుకుని వస్తానని ఆవిడ ఇక్కడికి వచ్చింది. ఆ ఆర్నెల్లు ఇంకా పూర్తి కాలేదు, నాలుగేళ్ళయింది. భోపాలపట్నం నుంచి సర్కారు పశువుల డాక్టరు వారానికోసారి వస్తాడు. మిగతా రోజుల్లో కట్లూ సూదులూ కాంపౌండర్ ప్రవీణ్‌కుమార్‌వి, తిండీ తిట్లూ ఈవిడవి. ఊళ్ళోవాళ్ళు ఆవిడని మందులమ్మ అంటారు.

మొదట్లో గేటు దగ్గర మేకపిల్ల కనిపించినప్పుడు ఎవరో పెంచలేక వదిలేశారనుకున్నారు. రిజిస్టరులో 'వదిలేసినవి' అనే వరసలో రాసుకున్నారు. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. సూర్యకాంతానికి ముక్కు మీద కోపం ఎలాగూ ఉంది, భోపాలపట్నం నుంచి నవీన్‌కుమార్ అనే పెయింటర్ని పిలిపించి గేటు ముందు గుంజ పాతించి బోర్డు పెట్టించింది. మెడకు తాడున్న మేకపిల్ల బొమ్మ, దాని మీద ఒకదాన్నొకటి కోసుకునే రెండు ఎర్రగీతలు, కింద హిందీలోనూ తెలుగులోనూ, జంతువులను వదిలివేయుట నేరము అని. ఆ తరవాత వారం నుంచి పిల్లలు తగ్గకపోగా రెండేసి వచ్చాయి. అంతకుముందు ట్యాపుకో కంచెకో కట్టేవాళ్ళు, ఇప్పుడు శుభ్రంగా బోర్డు గుంజకే కడుతున్నారు.

"మీ బోర్డు బాగా పనిచేస్తోంది మేడమ్," అన్నాడు ప్రవీణ్‌కుమార్. ఆ రోజు అతనికి టీ ఆలస్యంగా వచ్చింది.

కోపం సంగతి అలా ఉంచితే, ఆవిడ్ని తినేస్తున్నవి మూడు ప్రశ్నలు. వదిలేసే పిల్లకు ఎవరైనా కొత్త తాడు కడతారా? వదిలేసి పోయేవాడు దానికి అందేట్టు పచ్చి కొమ్మ వేలాడదీసి పోతాడా? అన్నిటికన్నా పెద్ద చిక్కు, వచ్చినవన్నీ ఆడవే. పెరిగితే మందను పెంచే ఆడపిల్లను ఏ తెలివితక్కువవాడు వదులుకుంటాడు? ఒక్కదానికైనా రోగం లేదు, కుంటు లేదు, బొచ్చు నిగనిగలాడుతోంది. వీటిని చూస్తుంటే వదిలేసినట్టు లేదు, అత్తారింటికి పంపినట్టుంది.

కిరందుల్లో ఉన్న ట్రస్టు కోశాధికారి చక్రధరరావుకు మాత్రం ఈ ప్రశ్నలు లేవు. ఆయనకు మేకపిల్లలు కలిసొచ్చాయి. ఆవుపుండు ఫోటో పెడితే జనం మొహం తిప్పుకుంటారు, వదిలేసిన మేకపిల్ల ఫోటో పెడితే పర్సు తీస్తారు. ఈ వేసవి దాణా ఖర్చంతా ఆ ఫోటోల మీదే గట్టెక్కింది. ఇప్పుడు విశాఖపట్నంలో ఓ పెద్ద దాత ఆపరేషన్ షెడ్డు కట్టించడానికి దాదాపు ఒప్పుకున్నాడు. ఆయన చేతిలో పెట్టడానికి రంగుల కరపత్రం తయారవుతోంది, దాని మీద కూడా మేకపిల్లే, ఎడమచెవి తెల్లగా ఉన్న గోధుమరంగుది.

ఆ షెడ్డు సూర్యకాంతానికి ఎంత అవసరమో చక్రధరరావుకు తెలియదు. పోయిన నెల లారీ కింద పడిన చూడావును జీపులో ఎక్కించి బీజాపూర్ తీసుకుపోతుంటే, దారిలో దాని తల ఈవిడ ఒళ్ళోనే ఉంది. అది చివరిదాకా ఈవిడ మొహమే చూసింది. బీజాపూర్ రాకముందే పోయింది. అప్పట్నుంచీ, వానలు పడేలోగా ఇక్కడే కోసి కుట్టే చోటు ఉండాలని ఆవిడ పట్టు పట్టింది. కాబట్టి మేకపిల్లల గుట్టు విప్పకుండా నోరుమూసుకుని ఊరుకోవడం ఆవిడకు అన్నివిధాలా లాభం. కానీ ఊరుకుంటే ఆవిడ సూర్యకాంతం ఎలా అవుతుంది?

ఒక సంతరోజు తెల్లారకముందే లేచి గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ వేళ ఎవరూ రాలేదు. విసిగిపోయి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి గుంజకు పిల్ల ఉంది. మనిషిని పట్టుకోవడం తన వల్ల కాదనిపించింది. అప్పుడు తట్టింది ఆవిడకు, మనిషిని తను వెతకడం ఎందుకు, పిల్లే వెతుక్కుంటుంది కదా అని.

మరుసటి వారం తెల్లచెవి పిల్ల మెడకు తాడు వేసి సంతకు నడిపించుకుపోయింది. ఎండ చుర్రుమంటోంది. ఉప్పు, ఎండుచేపలు, కోళ్ళగంపలు, ప్లాస్టిక్ బిందెలు, వాటి మధ్యలో మందులమ్మ మేకపిల్లను షికారు తిప్పుతోంది. హిందీలో ఒకళ్ళు, దోర్లీలో ఒకళ్ళు, తెలుగులో ఒకళ్ళు నవ్వుకున్నారు. అమ్మకానికా అని ఒకడు ధర అడిగితే అతన్ని కసిరింది. పిల్ల కాసేపు బెదురుచూపులు చూసి, చింతపండు అమ్మేవాళ్ళ వరస దగ్గరికి రాగానే చెవులు నిక్కించింది. ఒక్క గుంజు గుంజి, తాడు చేతిలోంచి జారిపోతుండగా పరిగెత్తి, ఒకావిడ గంపలో తలపెట్టింది.

"అయ్యో నా తల్లి!" అందావిడ, పిల్ల మూతి నిమురుతూ. తల ఎత్తి చూసి, "పిల్లనెందుకు గీ ఎండల తిప్పుతున్నవు మందులమ్మా? నాలిక ఆరిపోయింది సూడు," అంది.

సూర్యకాంతం ఆవిణ్ణి గుర్తుపట్టింది. మంగి. పోయిన వానాకాలం బైకు గుద్ది కాలు విరిగిన మేకను భుజాన వేసుకుని వచ్చిన దోర్ల తెగ మనిషి. వెదురుబద్దలు కట్టి, కాలు అతికేదాకా ఆ మేకను ఆశ్రమంలోనే ఉంచుకున్నారు. దారి పొడుగునా కూడగట్టుకుని వచ్చిన తిట్లన్నీ సూర్యకాంతం నోటికి ఒక్కసారే వచ్చాయి.

"నువ్వా! నీ మేకను అంత బాగా చూసి పంపితే, దాని పిల్లను తెచ్చి మా గేటుకి కట్టేసి పోతావా? పాలు మరిచిన పసిదాన్ని అలా వదిలేయడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

మంగి కోపగించుకోలేదు. అర్థం కాక చూసింది. "వదిలేసుడేంది? గది నీదే గదా."

"నాదేంటి?"

"నీ సగపాలు. నా మేకను నువ్వు మేపినవు. అదేమో రెండు పిల్లలను ఈనింది. ఒకటి నాకు, ఒకటి నీకు. మేపినోళ్ళకు సగం ఇయ్యకుంటే ఎట్ల?" అని, పక్కనున్న ముసలాయన్ను మోచేత్తో పొడిచింది. "గీ సన్నయ్యది గూడ నువ్వే మేపితివి. ఆయన నల్లపిల్లను కట్టిపోలే?"

ఆ ముసలాయన అవునన్నట్టు తలూపాడు. నల్లపిల్లది మూడో నంబరు, సూర్యకాంతానికి గుర్తుంది.

ఈ పక్క ఊళ్ళలో మేక ఉన్నవాడు మేపలేకపోతే మేపగలిగినవాడికి ఇస్తాడు. పుట్టినవాటిలో సగం మేపినవాడివి. అందరికీ తెలిసిన లెక్క అది, ఎవరూ నోటితో చెప్పుకోరు. ఆశ్రమం ఆ మేక కాలికి కట్టు కట్టింది, అది వైద్యం. నలభై రోజులు మేత కూడా వేసింది కదా, అది మేపడం. మేపాక సగపాలు పడుతుంది. ట్రస్టులో చదువుకున్నవాళ్ళు ఇంతమంది ఉండి వైద్యం గురించే ఆలోచించారు గానీ మేత గురించి ఎవరూ ఆలోచించలేదు.

సూర్యకాంతానికి ప్రశ్నలన్నీ ఒకేసారి వచ్చాయి. "మరి అన్నీ ఆడవేనేం?"

"పోతునిస్తే ఎగ్గొట్టినట్టే గదా!" మంగి నవ్వింది.

"గేటు తీశాక నాతో ఒక మాట చెప్పి ఇవ్వొచ్చుగా?"

"చెప్పి ఇస్తే, సూడు నేనిచ్చిన అని చాటుకున్నట్టు. నువ్వు మేపిన మేక ఈనితే నీ పాలు నీకు తెల్వదా?"

"మరి బోర్డుకే ఎందుకు కడుతున్నారు?"

"బొమ్మ ఏసిండ్రు గదా, తాడుతోటి. ఈడ కట్టుమని. ఎర్రగ ఆస్పత్రి గుర్తు గూడ పెట్టిండ్రు."

సూర్యకాంతం అక్కడే గోనెసంచి మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఎంత హాయిగా ఉందో ఆవిడకు! నవ్వు తగ్గాక తాడు మంగి చేతిలో పెట్టింది. "మేం చేసేది ఊరికే చేస్తాం మంగీ. మాకు సగాలూ పాళ్ళూ వద్దు. పిల్లను తీసుకుపో."

మంగి మొహం వాడిపోయింది. తాడు పట్టుకోలేదు. "ఊరికేనా?" అంది మెల్లగా. "గట్లయితే రేపు నా మేకకు ఏమన్న అయితే నీ తానికి ఎట్లొస్త? అడుక్కుతినేటోళ్ళ లెక్క వస్తనా?"

ఆవిడ గొంతులో ఉన్నది కోపం కాదు. కోపమైతే సూర్యకాంతానికి సులువుగా ఉండేది. తాడు మళ్ళీ తన చేతికి చుట్టుకుని, పిల్ల వీపు మీది దుమ్ము దులిపింది.

సరిగ్గా అప్పుడే ఫోను టింగుమంది. చక్రధరరావు కరపత్రం పంపించాడు. తెర మీద తెల్లచెవి పిల్ల, తల కొద్దిగా వంచి, లోకంలో దానికెవరూ లేనట్టు చూస్తోంది. మంగి వంగి చూసి చప్పట్లు కొట్టింది. "నా పిల్లనే! సన్నయ్యా, సూడు, నా పిల్లను ఫోటువల ఏసిండ్రు! మందులమ్మా, కింద ఏం రాసిండ్రు? సదువు."

సూర్యకాంతం చదవబోయింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు, మంగికి చదువు రాదు. చల్లగా బతుకు అని రాశారని చెప్తే సంతోషపడుతుంది. మంగి గంప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పండగనాడు కథ వినే మనిషిలా ఎదురుచూస్తోంది. ఆ మొహం చూస్తూ అబద్ధం ఆడటం సూర్యకాంతం వల్ల కాలేదు.

"కనికరం లేని చేతులు గేటుకు కట్టేసి పోయిన పసికూన ఇది, అని రాశాం. దీనికి మీ చేయి అందించండి, అని."

మంగి చింతపండు జిగురంటిన చేతుల్ని చీరకు తుడుచుకుంది. "ఎవల చేతులని రాసిండ్రు? పేరు రాసిండ్రా?"

"లేదు."

ఫోను మోగింది. చక్రధరరావే. "చూశారా చెల్లెమ్మా? రాయికైనా కన్నీళ్ళొస్తాయి. ప్రెస్సువాడు కూర్చునున్నాడు, రాత్రి బండికి విశాఖ వెళ్తున్నాను. కానివ్వమననా?"

"ఆపించండి అన్నయ్యగారూ. దాన్నెవరూ వదిలేయలేదు. అన్నీ మనకిచ్చారు." సంగతంతా గడగడా చెప్పింది.

"బాగానే ఉంది," అన్నాడాయన అంతా విని. "కానీ చూడండి, జనానికి దయ పుట్టాలంటే ముందు ఎవరిమీదన్నా కోపం రావాలి. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదంటే షెడ్డు ఎవరు కట్టిస్తారు? ఆయన వదిలేసిన పిల్లల కోసమే ఇస్తానన్నాడు. వానలొచ్చేస్తున్నాయమ్మా. ఈ ఒక్కసారికీ ఊరుకోండి."

ఒళ్ళో తలపెట్టి చూసిన చూడావు కళ్ళు గుర్తొచ్చాయి సూర్యకాంతానికి. ఊరుకుంటే షెడ్డు వస్తుంది. మంగి ఇంకెప్పుడూ రాదు. సన్నయ్య రాడు. ఆ షెడ్డులో బల్ల మీద పడుకోబెట్టడానికి ఈ ఊళ్ళ నుంచి ఒక్క మేక కూడా రాదు.

"ఊరుకోను. రాసింది తీసేయండి."

"తీసేసి ఏం రాయమంటారు? ఏదో ఒకటి ఉండాలిగా!" ఆయన గొంతులో విసుగు.

ఆ మాట ఫోనులోంచి మంగికి వినిపించింది. లేచి నిలబడింది. పిల్ల మెడలో తాడు బిగుసుకుందేమోనని వేలు పెట్టి చూసి, కాస్త వదులు చేసి, సూర్యకాంతం చేతిలో ఉన్న ఫోను దగ్గరికి మూతి పెట్టి, సంతంతా వినేట్టు గట్టిగా చెప్పింది.

"నా పేరు రాయి. ఇది మంగి ఇచ్చిందని రాయి."