ఏటేసారో కనిపెట్టు

"ఏటేసారో కనిపెట్టు" అన్నాడు జేమ్స్. ఇడ్లీ ముక్క ఇంకా షాలిని నోట్లో పడనే లేదు.

సాలూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి విజయనగరం వచ్చారు నలుగురూ: షాలిని, భర్త జేమ్స్, అత్తగారు దేవమణి, తొమ్మిదేళ్ల కూతురు కెజియా. జేమ్స్ పనిచేసేది లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో. ఏ ఊళ్లో ఏ హోటల్లో ఏది బాగుంటుందో డ్రైవర్లు చెప్పగా చెప్పగా అతనికి నోరూరిపోయింది. దసరా సెలవుల్లో ఒక రోజంతా విజయనగరంలో పేరున్న చోట్లన్నీ తిని రావాలని వేసిన ప్లాను ఇది. "ఆ రోజు నీకు వంట సెలవు, సరేనా?" అని కూడా అన్నాడు. ఆ మాట నమ్మి షాలిని బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా నమ్మింది చూడండి, ఆమెను అనాలి.

ఆమెతో వచ్చిన చిక్కల్లా ఆమె నాలుకే. ఒక్కసారి నోట్లో పెట్టుకుంటే చాలు, అందులో ఏమేం పడ్డాయో తెలిసిపోతుంది. పెళ్లయిన కొత్తలో పార్వతీపురంలో చుట్టాలింట్లో తిన్న కోడికూరని మర్నాడే అచ్చంగా దింపేసింది. మెచ్చుకుంటారని ఆశపడింది. మెచ్చుకున్నారు కూడా, అక్కడే ఆమె కొంప మునిగింది. అప్పట్నుంచీ బయట తిన్న ప్రతి ముద్దా పనై ఇంటికి తిరిగొచ్చింది. వారమంతా ప్రైవేటు బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పించి గొంతు పోగొట్టుకుంటుంది. మిగిలిన ఒక్క ఆదివారమూ చర్చి అవగానే పొయ్యి దగ్గరికి పరుగు. సంఘ పెద్దలు భోజనానికొస్తారు. "మా ఆవిడ నాలుక మీద పెడితే సాలండి, ఇంట్లో దిగిపోతాది" అని జేమ్స్ ముందుగదిలో గొప్పలు పోతాడు. "ఈ ఆహారాన్ని సిద్ధపరచిన చేతుల్ని దీవించు తండ్రీ" అని అత్తగారు ప్రార్థన చేసేటప్పటికి ఆ చేతులు వంటింట్లో అప్పడాలు వేయిస్తుంటాయి. అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలింది ఆమెది. ఆ దీవెనలన్నీ ఎటు పోతున్నాయో ఆమెకు ఒకనాటికీ అర్థం కాలేదు.

"సెప్పవేటి?" అన్నాడు జేమ్స్.

"చట్నీలో శొంఠి వేశారు. వేయించిన ధనియాలు కూడా" అంది. నోరు అలవాటుకొద్దీ చెప్పేసింది. ఇడ్లీ ఎలా ఉందో మాత్రం గుర్తు లేదు.

గంటస్తంభం దగ్గర పునుగులు తిన్నారు. "పిండిలో ఏటి కలిపారో సూడవే" అంది అత్తగారు. షాలిని చూసి చెప్పింది.

మధ్యాహ్నం డ్రైవర్లు తెగ పొగిడిన మెస్సుకి వెళ్లారు. రేకుల షెడ్డు, బయట జనం. అరిటాకుల్లో పొగలు కక్కే అన్నం, దాని మీద చేపల పులుసు వడ్డించారు. దేవమణి కళ్లు మూసుకుంది. "...సిద్ధపరచిన చేతుల్ని దీవించు తండ్రీ." ఆ మాటని కూర్చుని వినడం షాలినికి ఎన్నాళ్లకో. లోపల వండుతున్నది ఎవరో, వాళ్లకి నిజంగానే మేలు జరగాలని మనసారా కోరుకుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికి కాదు. ఎవరో వండి, వేడివేడిగా తన ముందు పెట్టిన అన్నం. పులుపు, కమ్మదనం, చివర్న ఎక్కడో పొగ వాసన. ఉల్లిపాయలు నిప్పుల మీద నల్లగా కాల్చి నూరి వేశారు. ఆ సంగతి తెలిసిపోయింది, తెలియకుండా ఉంటే ఎంత బాగుండేది! ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యండి, అనుకుంది. ఇది నేను వండను. తింటాను, అంతే.

"ఏటేసారు?" అన్నాడు జేమ్స్. "వచ్చే ఆదివారం పాస్టరు గారిని పిలుస్తాను."

"తెలీలేదు" అంది షాలిని.

దేవమణి చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. "ఒసే, నీకు తెలీకపోడమేటి? సరిగ్గా సూడు."

"నిజంగానే తెలీలేదు అత్తా."

"ఈమెకింకో ముక్కెయ్యండి" అని జేమ్స్ వడ్డించేవాణ్ణి కేకేశాడు. "తెలిసేదాకా తిను."

ముక్క వచ్చి ఆకులో పడింది. అంతవరకూ అన్నం, ఇప్పుడు పని. ముగ్గురూ తన నోటివైపే చూస్తుంటే ఇంకో ముద్ద కలిపి ఎత్తింది.

"నాకు తెలిసిపోనాది నాన్నా!" అని కెజియా ఎగిరింది. "కాల్చిన ఉల్లిపాయ! అమ్మమ్మ నిప్పుల్లో కాలుస్తాదే, ఆ వాసన!"

జేమ్స్ మొహం వెలిగిపోయింది. "సూసావా అమ్మా! అచ్చం వాళ్లమ్మ నాలుకే."

"నా బంగారు తల్లి!" దేవమణి మనవరాలి బుగ్గ పుణికింది. "రేపు అత్తారింట్లో దీన్ని నెత్తిన పెట్టుకుంటారు."

మెచ్చుకోలు కోసం పిల్ల కళ్లు తల్లివైపు తిరిగాయి. కోడికూర దింపిన రోజున తనూ సరిగ్గా ఇలాగే అందరి మొహాల్లోకీ చూసింది. ఈ పిల్లని ఎక్కడ దాచగలదు? నోటి దగ్గరి ముద్ద చేతిలోనే చల్లారిపోయింది.

"ఉల్లిపాయ కాదు" అంది.

పిల్ల మొహం చిన్నబోయింది. ఆ మొహం చూడలేక ఆకులోకి చూస్తూ అంది షాలిని:

"నీది నా నాలుక కాదమ్మా. మీ నాన్నది. దానికి తినడమే తెలుసు."