తండ్రి వైపు

వేడి ఇంకా చల్లారని దుప్పటి అంచులు రెండూ పట్టుకుని మడతక్క ఒక్క విదిలింపు విదిలించింది. బట్ట గాలికి ఉబ్బి నెమ్మదిగా కిందికి దిగుతుండగానే సగానికి, మళ్ళీ సగానికి మడిచి, అరచేత్తో అంచు నొక్కి పక్కనున్న దొంతర మీద పెట్టింది. దొంతర గోడ కట్టినట్టు నిటారుగా నిలబడి ఉంది. ఆమె అసలు పేరు ఆ లాండ్రీలో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎవరో కొత్తగా చేరిన పిల్ల సరదాకి మడతక్క అని పిలిచింది. అదే ఖాయమైపోయింది.

పెద్ద హోటలుకి నేలమాళిగ అది. కిటికీల్లేవు. పైన ఎండో వానో లోపలివాళ్ళకి తెలియదు. కప్పు కింద పోయే గొట్టాల నుంచి ఆవిరి నీళ్ళు చుక్కచుక్కగా కారుతుంటాయి. మడతక్క పొట్టి మనిషి. మణికట్లు మగవాళ్ళకున్నట్టు వెడల్పుగా ఉంటాయి. నుదుటి దగ్గర జుట్టు పలచబడి, కుడిచేతి మీద పాత కాలిన మచ్చ నున్నగా మెరుస్తుంటుంది. ఏళ్ళ తరబడి వేడి బట్టలు తడిమీ తడిమీ వేళ్ళ కొనల మీది గీతలు అరిగిపోయాయి. గుమ్మం దగ్గర పెట్టిన హాజరు యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టదు. వేలు పెట్టడం, ఎర్రదీపం వెలగడం, కాపలావాడు నవ్వుతూ "వెళ్ళండి, నాకు తెలుసుగా మీరెవరో" అనడం రోజూ ఉండేదే. ఆ మాటకి ఆమె కూడా నవ్వుతుంది. ఇవాళ మాత్రం నవ్వు రాలేదు.

"శనివారం కదా, చచ్చినవాళ్ళ మీటింగుందా మడతక్కా?" అంది పక్కబల్ల మనిషి తలగడ గలీబులు తిరగేస్తూ.

"ఉంది. నువ్వూ రారాదూ?"

"అమ్మో! బతికున్న చుట్టాలతోనే వేగలేక చస్తున్నా. ఇంకా పోయినవాళ్ళని కూడా తవ్వుకోనా?"

చచ్చినవాళ్ళ మీటింగు అని లాండ్రీలో వాళ్ళు ఎగతాళి చేసేది వంశవృక్షాల సంఘాన్ని. శనివారం ఒంటిపూట పని. మధ్యాహ్నం గ్రంథాలయం మేడ మీద ఆ సంఘం కూర్చుంటుంది. తల్లి పోయిన ఏడు, ఇంటికెళితే పలకరించే దిక్కు లేక వీధులన్నీ తిరుగుతున్న రోజుల్లో, ఓ సాయంత్రం వాన తప్పించుకోవడానికి మడతక్క ఆ గ్రంథాలయంలో దూరింది. మేడ మీద మాటలు వినపడి నాలుగు మెట్లెక్కి తొంగిచూసింది. ఎవరో కుర్చీ జరిపారు. సంఘానికి పెద్దదిక్కయిన లెక్కల మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూసి, "రండి, కూర్చోండి. మీ తాతగారి పేరేమిటి?" అన్నారు, మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా.

తల్లి వైపు సంగతులన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. తాత, అమ్మమ్మ, వాళ్ళ అన్నదమ్ములు, ఎవరు ఎవరికి ఎలా మేనరికమో, అన్నీ. "మరి తండ్రి వైపు?" అన్నారాయన. తండ్రి పేరొక్కటే చెప్పగలిగింది. పెద్ద తెల్లకాగితం మీద ఆమెకోసం గీసిన పటంలో తండ్రి పేరు రాసి, ఆ పైన రెండు గడులు ఖాళీగా వదిలేశారు. మళ్ళీ శనివారం ఆమె అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

పని నేర్చుకుంది. ముందు నీతో మొదలుపెట్టు, ఒక్కో మెట్టే వెనక్కి దిగు, మెట్టు దాటేసి దూకకు అనేవారు మాస్టారు. ఒక్కరు చెబితే పెన్సిలుతో రాయాలి, రెండోచోట రుజువు దొరికాకే సిరాతో. బడి రిజిస్టర్లు, సమాధి రాళ్ళు, పాత ఫోటోల వెనక స్టూడియో ముద్రలు, అన్నీ చూడాలి. పెద్దవాళ్ళ దగ్గరకెళితే పేర్లతో మొదలుపెట్టకూడదు, బెదిరిపోతారు. మీ వంటగది ఎటువైపుండేది, నీళ్ళెక్కడి నుంచి తెచ్చుకునేవారు అని కదిపితే, మనుషులు ఆ వెనకే వస్తారు. సంఘంలో చాలామందికి పూర్వీకులు జమీందార్లుగానో పండితులుగానో తేలేవారు. "మనలో ఒక్కరి ముత్తాతా దొంగ కాడు. మరి ఆ రోజుల్లో దొంగతనాలు ఎవరు చేసి చచ్చారో!" అని మాస్టారు వాపోతుంటే అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఇతరుల తాతల కోసం మడతక్క శ్మశానాలు తిరిగింది, రాళ్ళ మీది నాచు గీకింది. తన ఖాళీ గడులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

నింపగలిగిన మనిషి లేకపోలేదు. మేనత్త ఉంది. కానీ ఆ ఇంట్లో మేనత్త అన్న మాటే ఎవరూ నోట పలకకూడదు. తండ్రికి జబ్బు చేస్తే, వైద్యం బాగుంటుందని చెల్లెలి ఊరు వెళ్ళాడు. తిరిగి రాలేదు. పోయాడన్న కబురు అన్నీ అయిపోయాక చేరింది. తల్లి ఆడబిడ్డ ఇంటిదాకా వెళ్ళి, గడప తొక్కకుండా వీధిలోనే నిలబడి శాపనార్థాలు పెట్టి, పిల్లలిద్దర్నీ రెక్కపట్టుకుని తిరుగుబస్సు ఎక్కించింది. "నాకు చివరిచూపు దక్కనివ్వలేదు" అన్న మాట తల్లి గొంతులో ఆఖరి రోజుదాకా ముల్లులా ఉండిపోయింది. ఆ మేనత్త ఇప్పుడు ఇదే ఊళ్ళో, కాలవ అవతలి వృద్ధాశ్రమంలో ఉందని, మందులివ్వడానికి అక్కడికి వెళ్ళొచ్చే మందుల షాపాయన ఆవిడ పుట్టింటి పేరును బట్టి పసిగట్టి చెప్పాడు. ఆయనా సంఘం సభ్యుడే. అది విన్నప్పుడు చలికాలం. ఇప్పుడు ఎండలు ముదిరాయి. మడతక్క ఇవాళా రేపూ అనుకుంటూనే ఉంది.

పని దిగి, వెనకమెట్ల మీద కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఆవిణ్ణి చూసొద్దామనుకుంటున్నాన్రా."

అవతల లారీ ఇంజను చప్పుడు వినపడుతోంది. "ఆవిడ మనకేమవుతుందక్కా?" అన్నాడు. "ఏమీ కాదు. అమ్మ పైనుంచి చూస్తే ఏమనుకుంటుంది? వదిలెయ్."

తమ్ముణ్ణి చదివించింది, పెళ్ళి చేసింది, లారీ కొనేటప్పుడు హామీ ఉండింది. వాడు వద్దంటే ఆమె ఏ పనీ చెయ్యలేదు ఇంతవరకూ. "సరేలే, నువ్వు జాగ్రత్తగా నడుపు" అని పెట్టేసింది.

మేడ మీద ఆవేళ ఒక వకీలమ్మాయి, సమాధి రాయి మీద అరిగిపోయిన అక్షరాలకి పక్కనుంచి దీపం వేసి ఎలా చదవాలో చూపిస్తోంది. అందరూ మెడలు సాచి చూస్తున్నారు. మందుల షాపాయన మడతక్క వైపు వంగి, గొంతు తగ్గించి, "వెళ్ళారామ్మా?" అన్నాడు.

"ఇంకా లేదండీ."

"నిన్న వెళ్ళాను. మంచం దిగట్లేదు. నీరసం బాగా ఎక్కువైంది. మీ ఇష్టమనుకోండి."

మాస్టారికి ఆ ముక్క వినపడినట్టుంది. రాయి ఫోటో మీంచి కళ్ళు తిప్పకుండానే, "రాళ్ళెక్కడికీ పోవమ్మా. మనుషులే ఆగరు" అన్నారు.

మడతక్క లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియలేదు. సంచీ భుజాన వేసుకుని, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, మెట్లు దిగిపోయింది.

బస్సులో ఆమె అడగాల్సినవన్నీ లోలోపల వల్లెవేసుకుంది. వంటగది ఎటువైపు. నీళ్ళెక్కడివి. నెమ్మదిగా తాత, నాయనమ్మ. అవన్నీ అయ్యాక, ధైర్యం చాలితే, ఆ ఒక్కటి. మాకెందుకు కబురు పంపలేదు?

ఆశ్రమం వసారాలో ఆయా బకెట్టు కింద పెట్టి, "ఆవిడకా? ఆవిడ కోసం ఎవరూ రారే! మీరేమవుతారు?" అంది ఆశ్చర్యంగా.

"మేనకోడల్ని" అంది మడతక్క. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆమె అనడం అదే మొదటిసారి. నోటికి కొత్తగా తగిలింది.

కిటికీ పక్క మంచం. దుప్పటి కింద మనిషి ఉందో లేదో అన్నట్టుంది. ఆయా ఆమె చెవిలో వినికిడి మిషను సర్ది, "మీ మేనకోడలొచ్చింది!" అని గట్టిగా కేకేసి వెళ్ళిపోయింది. ముసలామె తల తిప్పి చాలాసేపు చూసింది. చెయ్యెత్తడానికి ప్రయత్నించి, వేలు మాత్రం ఎత్తి చూపించింది.

"ఆ చెవులు మా అన్నయ్యవే. పెద్దదానివేగా నువ్వు? ఇలా దగ్గరికి రా."

మడతక్క స్టూలు లాక్కుని కూర్చుంది. వల్లెవేసుకున్నది మొదలుపెట్టింది. "అత్తయ్యా, మీ చిన్నప్పుడు మీ ఇంట్లో వంటగది ఎటువైపు ఉండేది?"

"వంటగదా?" ముసలామెకి నవ్వొచ్చి దగ్గుగా మారింది. "ఇన్నేళ్ళకొచ్చి అడిగేది వంటగది గురించా? మీ అమ్మ ఉందా?"

"పోయింది. మూడో ఏడు."

"అయ్యో." కళ్ళు మూసుకుంది. ఛాతీ బరువుగా లేచి పడింది. "నన్ను తిట్టుకుంటూనే పోయుంటుంది."

మడతక్క జారిన దుప్పటి అంచు మడిచి సర్దింది.

"కబురు పంపుదామనే అన్నానే. అన్నయ్యే వద్దన్నాడు. చివర్లో మనిషి మనిషిలా లేడు. మొహమంతా పాడైపోయింది. పిల్లలు నన్నిలా చూస్తే జన్మంతా ఇదే గుర్తుంటుంది, వద్దు అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేద్దామని ఎన్నిసార్లనుకున్నానో. మీ అమ్మ వీధిలో నిలబడి అరుస్తుంటే తలుపు వెనకాలే ఉన్నా. బయటికొచ్చి చెప్పలేకపోయా."

"ఆ తర్వాతైనా చెప్పొచ్చు కదా?" మడతక్క గొంతు ఆమెకే కఠినంగా వినిపించింది. "అమ్మ ఎంత ఏడ్చిందో నీకు తెలుసా?" మీరు కాస్తా నువ్వు అయిపోయిన సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

"చెప్పొచ్చు" అంది ముసలామె. "భయపడ్డా. అంతే."

కిటికీ బయట ఎండ గోడ దిగిపోతోంది. తల్లి బతికి ఉండగా ఈ మాట ఒక్కటి చెవినపడి ఉంటే ఎలా ఉండేదో మడతక్క ఊహించబోయి, ఊహించలేక మానేసింది. కోపం రావాలి. ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో తెలియలేదు. మంచం మీదున్నది ఎముకల పోగు.

"తాత పేరు చెప్పు అత్తయ్యా. నాయనమ్మ పేరు కూడా" అంది కాసేపటికి.

"రేపు చెప్తాలే, ఎక్కడికి పోతాయి? ముందు నీ సంగతి చెప్పు. ఏం చేస్తున్నావ్?"

"చెప్పడానికేముంది. లాండ్రీలో పని."

"లాండ్రీ అంటే? పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ చెప్పు. నేను వింటూ పడుకుంటా."

అంతమంది ముసలివాళ్ళ కథలు విన్న మడతక్కని ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదు. మొదట సిగ్గేసింది. చీకటితో లేవడం, మొదటి బస్సు, ఆవిరి, దుప్పట్లు. ముసలామె "ఊఁ" అంటోంది. చెయ్యి కాలిన రోజు, మందు రాసుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళడం. "ఊఁ." తమ్ముడు బడికెళుతున్న రోజుల్లో బాయిలరు దగ్గర పనిచేసే ఒకాయన చేసుకుంటానంటే, రెండేళ్ళు ఆగమనడం, ఆయన ఏడాదే ఆగడం. "ఊఁ" అన్న గొంతులో చిన్న నవ్వు. తల్లి మంచాన పడ్డాక రాత్రిళ్ళు ఒళ్ళు తుడవడం, తల్లి తననే గుర్తుపట్టక ఎవరమ్మా నువ్వు అనడం. "ఊఁ." అది విన్నాక ముసలామె వేళ్ళు వచ్చి ఆమె మణికట్టు మీద ఆగాయి. తేలిగ్గా, ఆరిన ఆకులా ఉన్నాయి.

మడతక్క చెబుతూనే పోయింది. ఎప్పుడూ ఎవరికీ చెప్పనివి, తనకైనా చెప్పుకోనివి. పెళ్ళి మాట మళ్ళీ ఎవరూ ఎత్తకపోవడం. ఒళ్ళు కాలే జ్వరంతో ఒంటరిగా పడుకున్న వారం. హాజరు యంత్రం తన వేలిని గుర్తుపట్టకపోవడం. "నవ్వులాటగా ఉంటుంది గానీ అత్తయ్యా, ఒక్కోరోజు నిజంగానే నేనున్నానా అనిపిస్తుంది" అంది.

ఊఁ వినపడలేదు.

నిద్రపోయిందనుకుంది. ఆ వేళ్ళు కదిలితే లేస్తుందేమోనని చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది. మణికట్టు మీద చల్లదనం తెలిసేదాకా కూర్చుంది.

ఆయా వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, దుప్పటి సరిచేసింది. "బాధపడకుండా పోయింది తల్లీ. పక్కన మనిషుండగా పోయింది, అదే అదృష్టం." చెవిలోంచి మిషను తీసి మంచం పక్కనున్న చిన్న గిన్నెలో పెట్టింది. వెనకాలే ఆశ్రమం మేనేజరు కాగితాలతో వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి సౌమ్యంగా అడిగాడు.

"మీరు దగ్గరి చుట్టాలేనా అమ్మా?"

"మా మేనత్త. మా నాన్న సొంత చెల్లెలు."

"ఇందులో ఆవిడ తండ్రి పేరు రాయాలి. చేరేటప్పుడు రాయించలేదు. మీకు తెలిసే ఉంటుంది."

మడతక్క ఆయన చేతిలోని కలం వైపు చూసింది. "తెలీదండీ" అంది. ఆయన ఆ చోటు ఖాళీగా వదిలి, వ్యానుకి ఫోన్ చెయ్యడానికి వెళ్ళాడు. ఆయా దుప్పట్లు తేవడానికి వెళ్ళింది. మడతక్క సంచీ తీసుకుని, తమ్ముడికి చెప్పాలనుకుంటూ వసారాలోకి నడిచింది.

గదిలో, ఖాళీ స్టూలు పక్కన, గిన్నెలో, అందరూ ఆపడం మరిచిపోయిన ఆ వినికిడి మిషను, చుట్టుపక్కల చప్పుడంతా ఇంకా వింటూ, సన్నగా ఈల వేస్తూనే ఉంది.